శ్రీపతి గారి బ్యాటరీ

శ్రీపతి గారు కారుకు కొత్త బ్యాటరీ కొనడం మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. ఇంకా కొంటూనే ఉన్నారు.

కొనడమంటే దుకాణానికి వెళ్లి వస్తువు తెచ్చుకోవడమని మనబోటివాళ్లం అనుకుంటాం. ఆయన పద్ధతి వేరు. ముందు విచారించాలి. బ్యాంకు లోన్ల సెక్షన్‌లో తల నెరిసి, మొన్న వేసవిలో రిటైరైన మనిషి. విచారించకుండా బనియన్ కూడా కొనరు. సాయంత్రమైతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లి మోటారు పత్రికలు తిరగేస్తారు. వచ్చేటప్పుడు దారిలో కారున్న మనిషి కనిపిస్తే చాలు, నిలబెట్టి అడుగుతారు. ఎక్కువ ప్లేట్లున్నది మేలా, తక్కువున్నది మేలా? కంపెనీదా, లోకల్‌గా కట్టిందా? ఆసిడ్ పోసి ఉంచిందా, కొన్నాక పోసి ఛార్జింగు పెట్టేదా? ఒకాయన ఒకటి చెబుతాడు, ఇంకొకాయన దాన్ని కొట్టిపారేస్తాడు. అలా ఇద్దరి మాటా కలవనప్పుడల్లా శ్రీపతి గారి మొహం వెలిగిపోతుంది. కలవలేదంటే మళ్లీ విచారించవచ్చు కదా మరి!

"మీ విచారణ కమిషన్ రిపోర్టు ఎప్పుడొస్తదండీ?" అని భార్య సులోచన ఎగతాళి చేసేది.

"తొందరపడి కొంటే తర్వాత ఏడ్చుడే. బ్యాటరీ అంటే ఉల్లిగడ్డనా, ఏరుకొని సంచిల ఏసుకునేతందుకు?" అనేవారాయన.

ఆ మాటకి ఆమె నవ్వేది. గురువారం మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు.

సులోచన చిక్కడపల్లిలో ఒక సొసైటీ వాళ్లు నడిపే స్కూల్లో లెక్కల టీచరు. ఇల్లు అశోక్‌నగర్‌లో. మధ్యాహ్నం గంట కొట్టగానే నడిచొచ్చి, అన్నం తిని మళ్లీ వెళ్తుంది. భర్త రిటైరైనప్పటి నుంచి ఆమె గుమ్మంలో చెప్పులు విప్పేసరికి టేబుల్ మీద కంచాలు సిద్ధంగా ఉంటున్నాయి. గ్లాసుల్లో నీళ్లు పోసి ఉంటాయి. మామిడికాయ తొక్కు సీసాకు మూత తీసి, చెంచా వేసి ఉంటుంది. ఆ రోజూ అంతే.

"విద్యాసాగర్ గారు పిలిచిండ్రు," అంది కూర్చుంటూనే. విద్యాసాగర్ ఆ సొసైటీకి సెక్రటరీ. "బోడుప్పల్ బ్రాంచి ఖాయమైంది. నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గ పొమ్మంటున్నరు. సోమవారం పొద్దుగాల ఏదో ఒకటి చెప్పాలె. కాదంటే వేరేటోళ్లకు ఇస్తరట."

శ్రీపతి గారి చేతిలో చారు గరిటె గిన్నెలోనే ఆగింది. "మంచిదే," అన్నారు. చారు వడ్డించి, "మరి పోవుడు రావుడు ఎట్ల?" అన్నారు.

"కారున్నది గద."

"కారున్నది. బ్యాటరీ ఏది?"

బోడుప్పల్ బ్రాంచి ముచ్చట వేసవి నుంచీ నడుస్తూనే ఉంది. దాని కోసమే సులోచన ఈ వయసులో ఇందిరా పార్కు పక్క రోడ్లో ఎల్ బోర్డు కారెక్కి, వెనక ఆటోల వాళ్లు నానా మాటలూ అంటుంటే పళ్ల బిగువున డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే ఒక సాయంత్రం కారు లైట్లు ఆపడం మరిచిపోయింది. మర్నాటి నుంచి కారుకు రోగం పట్టింది. "ఒక్కపారి పూర్తిగ దిగిన బ్యాటరీ మళ్ల లేవది," అన్నారాయన, కోప్పడకుండానే. ఆయన కోప్పడనందుకు ఆమెకు ఇంకా సిగ్గేసింది. కొన్న వస్తువును కంటికి రెప్పలా చూసుకునే మనిషి, నా చెయ్యి పడంగనే ఇట్లయింది గదా అని అప్పటినుంచీ కుములుతూనే ఉంది.

"రెండు బస్సులు మారి, అక్కడినుంచి ఆ మట్టిరోడ్డున నడవాలంటే నా మోకాళ్లతోని అయ్యే పనేనా? కారు నడిస్తేనే నేను ఒప్పుకునేది. ఈ రెండు మూడు దినాలల్ల ఏదో ఒక బ్యాటరీ తేరాదుండ్రి."

"ఏదో ఒకటా?" ఆయన నొచ్చుకున్నారు. "వచ్చే నెల కొత్త రకం వస్తదని ఒకాయన చెప్పిండు. జర ఓపిక పట్టు."

సులోచన పెరుగన్నం కలుపుకుని తలవంచుకుని తింది. హెడ్‌మాస్టర్ కుర్చీ ఇంతకుముందు ఆమెదాకా వచ్చి, ఆమె వెనక చేరిన మగవాళ్లకు పోయింది. ఆడమనిషి, ఎక్కడ తిరుగుతదిలే అన్నారప్పుడు. ఈసారి కూడా పోతే ఇక రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఎదురుగా కూర్చుని తొక్కు నంజుకుంటున్న మనిషికీ తెలుసు.

*

శుక్రవారం పొద్దున స్కూలుకు వెళ్లేముందు ఆమె, "ఒక్కపారి స్టార్ట్ చేసి చూస్తరా?" అని బతిమాలింది.

మీగడరంగు ఫియట్ కారు సందులో ప్రహరీగోడ పక్కన ఉంటుంది. శ్రీపతి గారు కూర్చుని హారన్ నొక్కారు. 'పీ' అని బాగానే మోగింది. తాళంచెవి తిప్పితే మాత్రం 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే.

"చూసినవా? హారన్‌కు ఉన్న పానం ఇంజన్‌కు లేదు," అని ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "బుగ్గయ్యా!" అని కేకేశారు.

బుగ్గయ్య పక్కన లేస్తున్న అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పాలమూరు జిల్లా నుంచి వచ్చి, సిమెంటు బస్తాల గదిలోనే భార్య కురుమమ్మతో కాపురం పెట్టాడు. కురుమమ్మ అక్కడే ఇటుకలు మోస్తుంది. ఈ కారును నూకడం వాళ్లకు పళ్లు తోముకోవడంలాగా పొద్దుటి పనైపోయింది. ఆ పూట కూలికొచ్చినవాళ్లు కూడా కొందరు చేరి డిక్కీ మీద చేతులు ఆనించారు.

"సారూ, మీ కారు మా మొగని లెక్కనే ఉన్నది," అంది కురుమమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ. "అరుసుడు మంచిగనే అరుస్తది. ఎన్కకెంచి నూకితె గని కదలది."

కూలీలు గొల్లుమన్నారు. బుగ్గయ్య కూడా నవ్వుతూనే నూకాడు. కారు సందు చివరిదాకా వెళ్లి, గురకపెట్టి అందుకుంది. శ్రీపతి గారు బ్లాకు చుట్టూ తిప్పి తెచ్చి, మళ్లీ గోడ పక్కనే పెట్టేశారు.

"మెయిన్ రోడ్డు మీదికి పోదాం. నేను నడుపుత," అంది సులోచన.

"క్రాస్‌రోడ్ల నడుమ ఆగితే ఎవరు నూకుతరు? బుగ్గయ్యను డిక్కీల ఏసుకొని పోదామా?"

అందరూ మళ్లీ నవ్వారు. సులోచన చేతిసంచి భుజాన వేసుకుని స్కూలుకు నడిచింది. నవ్విన ఆ నలుగురి మీదా కోపం రాలేదు గానీ, వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు.

*

శనివారం స్కూలు ఒంటిపూట. భోజనమయ్యాక శ్రీపతి గారు కాసేపు నడుం వాల్చి, గొడుగు పట్టుకుని లైబ్రరీకి బయల్దేరారు. ఆయన మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూసి, సులోచన పరుగులాంటి నడకతో పక్క బిల్డింగుకు వెళ్లింది.

"కురుమమ్మా, జర చెయ్యి సాయం కావాలె. బ్యాటరీ విప్పి నారాయణగూడ తీస్కపోవాలె. పాతది ఇచ్చి కొత్తది తెస్త."

"సారును అడిగినవా టీచరమ్మా?"

"అడుక్కుంట కూసుంటే నాకు పెన్షన్ వచ్చే ఈడొస్తది. నడువు."

బానెట్ ఎత్తింది. ఈ పని ఆమె చేతులకు కొత్తగానీ కళ్లకు కొత్త కాదు. ఆదివారం వచ్చిందంటే ఆయన పాత టూత్‌బ్రష్, వేడినీళ్ల మగ్గు, వాజిలిన్ డబ్బా పట్టుకుని దీని ముందు పూజకు కూర్చున్నట్టు కూర్చుంటారు. తీగలు తగిలించే సీసపు కొనలకు పట్టిన తెల్లపొడిని వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాజిలిన్ పూస్తారు. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ ఎంత తగ్గిందో చూసి పోస్తారు, నల్లానీళ్ల చుక్క కూడా దగ్గరికి రానివ్వరు. మగ్గు అందిస్తూ ఆమె ఎన్ని ఆదివారాలు చూసిందో! ముందు నల్లతీగ, తర్వాత ఎర్రతీగ అని కూడా ఆయన చెప్పిందే.

పానా పెట్టి నల్లతీగ క్లాంపు వదులు చేసింది. ఎర్రతీగది కొంచెం మొరాయించి వచ్చింది. దాంతోపాటు ఒక రబ్బరు ముక్క కింద రాలింది, ఎర్రగా, బొటనవేలంత వెడల్పున. క్లాంపు లోపల కొన చుట్టూ చుట్టి ఉన్నట్టుంది. బిగువు కోసం పెట్టినట్టున్నరు, పారేస్తే మళ్ల నా మీదికొస్తది అనుకుని, తుడిచి పర్సులో వేసుకుంది.

కురుమమ్మ బ్యాటరీని రెండు చేతులా లేపి, "ఓయమ్మో, చూడ ఇంతే గని బండరాయే!" అంది. కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకోబోయింది.

"అయ్యయ్యో, నెత్తి మీద వద్దు! ఆసిడ్ కారితే తోలు ఊడుతది," అని సులోచన అరిచింది.

ఇద్దరూ కలిసి ప్లాస్టిక్ టబ్బులో పెట్టి ఆటో ఎక్కించారు. టబ్బు ఒడికి ఆనించి పట్టుకుని సులోచన ఒక్కతే బయల్దేరింది. చిక్కడపల్లి గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా మూతల సందుల్లోంచి కొంచెం కొంచెం చింది చీరకొంగు తడిసింది. ఆయన పోసిన నీళ్లేలే అనుకుంది.

నారాయణగూడ చౌరస్తాకు కొంచెం ఇవతల ఉదయ్ కుమార్ బ్యాటరీ దుకాణం. శ్రీపతి గారు విచారించకుండా వదిలేసిన దుకాణం బహుశా అదొక్కటే. అందుకే ఆమె అక్కడికి వచ్చింది.

"ఫియట్‌కు కొత్తది కావాలె. ఇది తీస్కొని ఇయ్యండి."

"ఏ రకం ఇయ్యమంటరమ్మా? చానా ఉన్నయి."

"వారంటీ కాగితం ఉన్నది, ఇప్పుడే తీస్కపోయి బిగించుకునేది. ఇగ నన్ను ఏం అడగకు అన్నా, మా ఇంట్ల అడిగెటోళ్లు ఉన్నరు."

ఉదయ్ కుమార్ నవ్వి, అలవాటుగా పాతదాని మూతలు విప్పాడు. గాజు గొట్టంతో ఒక్కో అరలోంచి ఆసిడ్ పీల్చి, గొట్టంలో తేలే బుడ్డిని వెలుతురుకు పట్టి చూశాడు. అన్ని అరలూ చూశాడు. రెండు కొనలకూ మీటరు తగిలించి నొక్కి పట్టాడు. ముల్లు లేచి ఆకుపచ్చ గీత మీద నిలబడింది, దిగలేదు.

"దీన్ని ఎందుకు మారుస్తున్నరమ్మా?"

"స్టార్ట్ కాదు. రెండు నెలల కింద నేను లైట్లు ఆపకుండ మర్చిపోయిన. అప్పటిసంది ఇంతే."

"ఒక్క రాత్రికి దిగింది మల్ల ఛార్జి అయితే అయిపోతది గదా. ఇది శుభ్రంగున్నది. ఇంకో రెండేండ్లు చూస్కోనక్కర లేదు. మా దుకాణంకొచ్చే పాత బ్యాటరీలల్ల ఇంత మంచిగ ఉంచినది నేను చూడలె. ఎవరు చూస్కుంటరమ్మా?"

"మా ఆయన," అంది. ఎందుకో గర్వంగానే అనిపించింది.

"మరి క్లాంపు కాడ ఏమన్న ఉండెనేమో. తెల్లపొడి గిట్ల?"

"ఏం లేకుండె. గీ ప్యాకింగ్ ముక్క ఒక్కటి."

పర్సులోంచి తీసిచ్చింది. ఉదయ్ కుమార్ దాన్ని చూసి పకపకా నవ్వాడు.

"రబ్బర్లకెంచి కరెంటు ఎట్ల పోతదమ్మా? జర సందు దొరికిన కాడ అంత పోతది, హారన్‌కు, లైట్లకు చాలు. స్టార్టర్ గుంజేటప్పుడు చాలది, టక్కుమని ఊకుంటది. ఎవడో తెలివి తక్కువ మెకానిక్ పెట్టిండు. పారేయండి దీన్ని."

సులోచన పారేయలేదు. వెలుతురులోకి వచ్చి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఎర్ర రబ్బరు, దాని మీద సన్నటి నిలువు చారలు. నిరుటి చలికాలం పగిలిపోయిన హాట్ వాటర్ బ్యాగు. మోకాళ్ల కింద పెట్టుకునేది కాబట్టి ఆ చారలు ఆమెకు బాగా తెలుసు. ముక్క అంచులు వంకర లేకుండా తిన్నగా ఉన్నాయి, స్కేలు పెట్టి గీసి కోసినట్టు. స్కేలు లేకుండా కత్తెర పట్టని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

"ఏమైందమ్మా? కూసుంటరా? నీళ్లియ్యనా?"

"ఏం లేదన్నా. దీన్ని మళ్ల ఆటోల పెట్టించు," అంది.

దారి పొడుగునా ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. రెండు నెలలు! తన చేతిదే పాపమని, లైట్లు ఆపని తన మతిమరుపుదే తప్పని ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చిన రెండు నెలలు. ఆ ఆదివారాలన్నీ వేడినీళ్ల మగ్గు పట్టుకుని పక్కనే నిలబడిందే! ఆయన వంగి, వీపు అడ్డం పెట్టి, ఎంత నిదానంగా క్లాంపు బిగించేవారు! ఛీ, ఏం మనిషి, అనుకుంది. పైకే అనేసినట్టుంది, ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటి దగ్గర కురుమమ్మ టబ్బులోకి తొంగి చూసి, "కొత్తది తేలే?" అంది.

"పాతదే మంచిగున్నదట."

"మరి రోగం?"

"రోగం దానికి కాదు," అంది సులోచన. కురుమమ్మ ఆమె మొహం చూసి ఇంకేమీ అడగలేదు. కాపురం చేసే మనిషి, అర్థమైపోయింది.

ముందు ఎర్రతీగ, తర్వాత నల్లతీగ. గట్టిగా బిగించి వాజిలిన్ రాసి బానెట్ మూసింది. తాళంచెవి తిప్పి చూడాలని మనసు లాగింది గానీ తిప్పలేదు.

రాత్రి భోజనాల దగ్గర శ్రీపతి గారు ఉత్సాహంగా ఉన్నారు. "ఇయ్యాల లైబ్రరీల ఒకాయన చెప్పిండు సులోచనా, మద్రాసుల నీళ్లే పోయనక్కరలేని బ్యాటరీలు వచ్చినయట. ఇంకో నెల ఆగితే మనకు గూడ..." అంటూ మొదలుపెట్టారు. చేతిలో ఉన్న గరిటెతో నెత్తి మీద ఒక్కటి వేయాలన్నంత మండింది ఆమెకు. వేయలేదు. ఇంకొంచెం పప్పు వడ్డించింది.

*

ఆదివారం పొద్దున ఆయన టూత్‌బ్రష్, మగ్గు వెతుక్కునేలోపే సులోచన చీర కట్టుకుని తయారైంది. నిన్నటి చీరే.

"బోడుప్పల్ పోయి ఆ స్కూలు చూసొద్దాం."

"ఎందుల పోదాం? బస్సుల?"

"కార్ల. నూకితే స్టార్ట్ అయితది గద. నేను కూసుంట, మీరు నూకుండ్రి."

శ్రీపతి గారు ఒక్క క్షణం ఆలోచించారు. సందు చివరిదాకా పోతది, అక్కడ భయపడి తనే ఆపుతది అనుకున్నారో ఏమో, "సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలె," అన్నారు.

ఆదివారం కాబట్టి కూలీలు లేరు. బుగ్గయ్య, కురుమమ్మ మాత్రం వచ్చారు. ఇద్దరితో కదలదని శ్రీపతి గారే చొక్కా చేతులు మడిచి, మధ్యలో నిలబడి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించారు. కురుమమ్మ ఒక పక్క చెయ్యి వేసి, ఇంకో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగ నూకుండ్రి," అని అరిచారు శ్రీపతి గారు. "హైలెస్సా!"

సులోచన తాళంచెవి తిప్పింది.

ఇంజను ఒక్కసారిగా అందుకుంది. ఆమె క్లచ్చు వదిలింది, కారు వాళ్ల చేతుల కిందినుంచి జారుకుని ముందుకు పోయింది. బుగ్గయ్య బోర్లా పడబోయి మోకాలి మీద ఆగాడు. శ్రీపతి గారు రెండు చేతులూ ముందుకు చాపి, నూకడానికి ఏమీ లేక అలాగే నిలబడిపోయారు. కురుమమ్మ ఇక ఆపుకోలేక సందంతా వినబడేట్టు నవ్వింది.

సులోచన కొంత దూరం వెళ్లి కరెంటు స్తంభం దగ్గర ఆపింది. ఇంజను ఆపలేదు. పక్కకు వంగి ఎడమవైపు తలుపు తెరిచి పెట్టింది.

ఆయన నడిచి వచ్చారు. అంత చిన్న దూరం ఆయన అంత మెల్లగా నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. తలుపు పట్టుకుని, లోపలికి చూడకుండా, "ఎట్ల..." అన్నారు.

"నా హాట్ వాటర్ బ్యాగు ముక్క నా పర్సుల ఉన్నది. ఎక్కుండ్రి."

ఎక్కి కూర్చున్నారు. కారు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. ఆదివారమైనా ఆటోలు, సైకిళ్లు, దుకాణాల ముందు స్కూటర్లు. సులోచన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

"నువ్వు నడపొద్దని కాదు," అన్నారాయన చివరికి.

"మరి?"

"పొద్దుగాల పోతవు, దీపాలు పెట్టే యాల్లకు వస్తవు. పొద్దంత ఆ ఇంట్ల నేనొక్కన్ని. మధ్యాహ్నం ఒక్క కంచం పెట్టుకొని కూసుంటే..." ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. "ముద్ద దిగది సులోచనా."

"ఆ మాట నోటితోని చెప్పొచ్చు గద. బ్యాటరీతోని చెప్పిస్తరా?"

ఆయన డ్యాష్‌బోర్డు మీది దుమ్మును వేలితో తుడిచారు.

"మీకు ప్రమోషన్లొచ్చి నిజామాబాద్, ఆదిలాబాద్ బ్రాంచీలకు పోయిండ్రు. అన్ని ఏండ్లు నేను ఒక్కదాన్నే తిన్న. నాకు గూడ ముద్ద దిగలె. మీ స్కూటర్ల గాలి తీసిన్నా నేను?"

శ్రీపతి గారు తల వంచుకున్నారు. ఒళ్లో ఏం చేయాలో తెలియని చేతులు, వాటి పక్కన సీటు మీద పడి ఉన్న ఆమె కొంగు. దాని మీద సన్నసన్నటి చిల్లులు, అంచులు కాలినట్టు ముడుచుకుని. ఒక చిల్లులో వేలు పెట్టి చూశారు.

"ఆసిడ్," అంది ఆమె అటు చూడకుండానే. "రాత్రి ఉతికితే తెలిసింది."

"చేతులు కాలలే గద?"

"లేదు." కొంచెం మెత్తబడి, "నేను అక్కడ చేరిన దినంసంది రెండు అన్నం డబ్బాలు కడుత. ఒకటి నాకు, ఒకటి మీకు. లైబ్రరీల కూసొని తింటరో, బుగ్గయ్య పక్కన కూసొని తింటరో మీ ఇష్టం. విద్యాసాగర్ గారికి నేను సరేనని చెప్పుడు మాత్రం ఆగది," అంది.

నారాయణగూడ చౌరస్తాలో అడ్డంగా బస్సు వచ్చింది. సులోచన కంగారుపడి బ్రేకు తొక్కింది, క్లచ్చు తొక్కడం మరిచింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో ఆటోలోంచి ఏదో తిట్టాడు. శ్రీపతి గారు గబుక్కున తలుపు తెరిచి, ఒక కాలు రోడ్డు మీద పెట్టారు.

"ఎక్కడికి?"

"దిగి నూకుత..."

"కూసోండ్రి."

తాళంచెవి తిప్పింది. తిప్పగానే ఇంజను అందుకుంది. ఆయన కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నారు. కారు చౌరస్తా దాటి బర్కత్‌పురా వైపు తిరిగింది.

"బ్యాటరీ మంచిదే," అన్నారు శ్రీపతి గారు, రోడ్డుకేసి చూస్తూ.

"మంచిదే. రెండు నెలలు ఊకెనే మాట పడ్డది," అంది సులోచన. "నేను గూడ."

ఆయన ఆ చిల్లుల కొంగును గేరుకు అడ్డం రాకుండా తీసి, తన ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నారు.